మాత్రలోని గంజి

సూరత్‌లో భోజనం, కాశీలో మరణం ఎవరికో గాని లభించవని గుజరాతీలలో ఒక సామెత ఉన్నది. తపతీ తీరంలోని ఆ వర్తక నగరం తన వంటను గూర్చి అంతగా గర్వపడుతుంది. అయితే అదే నగరంలో భోజనం అంటేనే భయపడవలసిన వారు కూడా కొందరు ఉన్నారు. వారికి రోటలీ విషం, బిస్కట్టు విషం, చందనీ పడవా నాడు ఊరంతా పంచుకొనే ఘారీ మిఠాయి విషం. ఇవన్నీ మానివేసిన తరువాత కూడా వారిని ఒక సందేహం విడువదు. రోగం తగ్గించుకొనేందుకు మింగే మాత్రలో సైతం ఆ విషమే ఉన్నదేమో!

వీరిని పట్టి పీడించేది సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు వీరి శరీరానికి సరిపడదు. అది చిన్నప్రేవును చేరిన వెంటనే రోగనిరోధక వ్యవస్థ దానిని శత్రువుగా భావించి పోరాటం ఆరంభిస్తుంది. ఆ పోరులో నష్టపోయేది ప్రేవు లోపలి గోడయే. తివాసీ మీది నూగు వలె నిలిచి, ఆహారసారాన్ని పీల్చుకొనే ఆంత్రచూషకాలు క్రమంగా అరిగి చదునైపోతాయి. అటుపిమ్మట ఎంత తిన్నా ఒంటికి పట్టదు. పసివాడు విరేచనాలతో చిక్కి, పొట్ట ఉబ్బి, ఎదుగుదల లేక నిలిచిపోతాడు. పెద్దవారిలో విరేచనాలు ఉండకపోవచ్చు. ఎంతకూ తగ్గని రక్తహీనత, కారణం తెలియని నీరసం, పెళుసుబారిన ఎముకలు, నోటిపూత, సంతానం నిలువకపోవడం వంటి రూపాలలో వ్యాధి దాగి ఉంటుంది. మన దేశంలో దీనిని ప్రేవుల క్షయగా పొరబడి నెలల తరబడి క్షయ మందులు వాడించిన సందర్భాలు కూడా తక్కువేమీ కావు.

సూరత్ ప్రసంగంలో తెలుగువారి ప్రస్తావన ఎందుకు వచ్చిందని పాఠకులు అడుగవచ్చు. లింబాయత్, ఉధనా, డిండోలీ ప్రాంతాలలో నడిచేవారికి ఆ సందేహం కలుగదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి మరమగ్గాల పనికై తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడి ఉన్నవి. నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమపు బడులను నడిపింది. వచ్చిన తరం రెండు పూటలా అన్నమే తిన్నది. అక్కడ పుట్టిన తరం మాత్రం పొద్దున బిస్కట్టు, మధ్యాహ్నం డబ్బాలో రోటలీ, రాత్రికి అన్నం అన్న అలవాటులో పడింది. భాష మారడానికి ముందే కంచం మారింది.

ఈ కంచపు మార్పు చిన్న విషయం కాదు. మన దేశంలో సుమారు 23,000 మంది వయోజనులను పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం సీలియాక్ వ్యాధి ఉత్తరాదిన నూటికి 1.23 మందికి, ఈశాన్యంలో 0.87 మందికి ఉండగా, దక్షిణాదిన 0.10 మందికి మాత్రమే కానవచ్చింది. దక్షిణాది లెక్క వెల్లూరు ప్రాంతంలో తీసినది. ఇంతటి తేడా పుట్టుకలో ఉన్నదా అని చూస్తే, వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు మూడు ప్రాంతాలలోను ఇంచుమించు సమంగానే, అనగా ముగ్గురిలో ఒకరికి పైచిలుకుగానో కొంచెం తక్కువగానో ఉన్నవి. తేడా గోధుమలో కనిపించింది. ఉత్తరాదివారు సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుండగా దక్షిణాదివారు తినేది 25 గ్రాములు. జన్యువు ఉన్నంత మాత్రాన వ్యాధి రాదు. అది ఉన్నవారిలో బహు కొద్దిమందికే వస్తుంది. అయినా అన్నం తినే ఇంట అణగి ఉన్న విత్తనం రొట్టె తినే ఊరిలో మొలకెత్తవచ్చునన్న సంగతిని వైద్యులు సైతం గుర్తుంచుకొనదగినది. ‘వీరు దక్షిణాదివారు, వీరికి ఈ వ్యాధి ఎక్కడిది?’ అని అనుకోవడం వలన రోగనిర్ణయం ఆలస్యమవుతుంది.

గోధుమకు ఈ వ్యాధితో గల సంబంధాన్ని లోకానికి చెప్పినవాడు ఒక డచ్చి వైద్యుడు. అంతకు ముందు 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ జీ ఈ వ్యాధిని చక్కగా వర్ణించి, నయమయ్యేదైతే పథ్యం వలననే నయం కావాలని తేల్చినాడు. ఏ పథ్యమో మాత్రం ఆయనకు తెలియలేదు. హేగ్ నగరంలో పిల్లల వైద్యుడుగా ఉన్న విల్లెమ్ డికె 1930ల నాటికే రొట్టెను అనుమానించసాగినాడు. రెండవ ప్రపంచయుద్ధపు చివరి చలికాలంలో, 1944-45లో, హాలెండు ప్రజలకు గోధుమ దొరకక తులిప్ దుంపలు ఉడికించి తినే దుర్దశ పట్టింది. అందరూ కృశించిపోతున్న ఆ కరవులో సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకొన్నారు. ఆకాశం నుండి విమానాలు రొట్టె జారవిడిచిన తరువాత వారి వ్యాధి తిరగబెట్టింది. ఊరికి వచ్చిన కరవు ఆ పిల్లలకు వరమైంది. డికె తన పరిశోధనను 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించినాడు.

డచ్చివారికి సూరత్ కొత్త ఊరు కాదు. 17వ శతాబ్దిలో వారి వర్తకస్థావరం అక్కడ వర్ధిల్లింది. మలబారు ఓషధులపై మహాగ్రంథం వెలువరించిన వాన్ రీడ్ 1691లో మరణించగా ఆ ఊరనే సమాధి చేసినారు. ఆ గోరీ నేటికీ ఉన్నది. సూరత్ నాన్‌ఖటాయి, బిస్కట్లు ఆ డచ్చివారి పొయ్యిల వారసత్వమేనని ఊరివారు చెప్పుకొంటారు. సూరత్‌కు రొట్టె కాల్చడం నేర్పినవారి దేశస్థుడే ఆ రొట్టె కొందరికి ఎందుకు పడదో కనిపెట్టడం విచిత్రమే.

ఇక మాత్రల సంగతి. లింబాయత్‌లో ఒక నేతకార్మికుని ఇల్లాలిని ఊహించుకొందాం. ఆమె పన్నెండేళ్ల కుమార్తెకు వ్యాధి ఉన్నట్లు రక్తపరీక్షలోను, ప్రేవు ముక్క తీసి చేసిన పరీక్షలోను తేలింది. ఇంట్లో గోధుమ పిండి డబ్బా ఖాళీ అయింది. అమ్మాయికి రక్తం పట్టడానికి ఇనుము మాత్రలు, ఎముకలకు కాల్షియం, విటమిన్ డి, వీటితోపాటు ఫోలిక్ ఆమ్లం రాసినారు. ఆమె మందుల దుకాణం ముందు నిలిచి, ‘భాయ్, దీనిలో గోధుమ ఏమైనా కలుస్తుందా?’ అని అడిగింది. దుకాణదారు ఆశ్చర్యపోయినాడు. మాత్రలో గోధుమ ఏమిటి, బెన్?

ఆమె ప్రశ్న అజ్ఞానం వలన పుట్టినది కాదు. మాత్రలో మందు అన్నది బహు స్వల్పం. థైరాయిడ్ మాత్రలో అసలు మందు మిల్లీగ్రాములో పదవ వంతు ఉంటుంది. అంతటి రేణువును వేళ్లతో పట్టుకోలేము, లెక్కించలేము, మింగలేము. కావున దానికి ఒడలు కల్పించడానికి పొడులు, పట్టి ఉంచడానికి జిగురు, కడుపులో పడగానే విచ్చిపోవడానికి మరొక పదార్థం, యంత్రానికి అంటుకొనకుండా ఇంకొకటి చేరుస్తారు. వీటిలో అనాదిగా వాడుకలో ఉన్నది స్టార్చి, అనగా గంజిపదార్థం. పడుగు పోగులు తెగకుండా గంజి పట్టించే నేతగాని ఇంట ఈ మాట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. పోగుకు గంజి ఎట్టిదో మాత్రకు స్టార్చి అట్టిది. అదే కట్టి ఉంచుతుంది, నీరు తగిలితే అదే వదలుతుంది.

ఆ గంజి ఏ ధాన్యానిది అన్నదే ప్రశ్న. మొక్కజొన్న, బంగాళాదుంప, కర్రపెండలం, బియ్యం, గోధుమ — ఈ అయిదింటిలో దేని నుండి తీసినా అది స్టార్చియే. మన దేశంలో మాత్రలకు వాడేది చాలావరకు మొక్కజొన్న స్టార్చి. కర్రపెండలం కూడా మనకు పరిచితమే. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల సగ్గుబియ్యం దాని నుండే వస్తుంది. ఈ రెండింటిలోను గ్లూటెన్ లేదు. మాత్రలలో గోధుమ స్టార్చి వాడుక అరుదు. అరుదు అనడమే కాని లేదని చెప్పడానికి వీలుకాదు. తల్లి భయమంతా ఆ రెండు మాటల నడుమ ఉన్నది.

ఒకవేళ గోధుమ స్టార్చియే వాడినారనుకొన్నా ప్రమాదం ఎంత? గోధుమ పిండిని ముద్దగా కలిపి నీటిలో పిసికితే తెల్లని పాలు దిగుతాయి. మాడుగుల హల్వాకు తీసే గోధుమ పాలు అవే. ఆ పాలు తేరగా అడుగున నిలిచేది స్టార్చి. చేతిలో రబ్బరు వలె సాగుతూ మిగిలేది గ్లూటెన్. ఔషధాలకు వాడే స్టార్చిని అనేక పర్యాయాలు కడిగి శుద్ధి చేస్తారు కావున అందులో మిగిలే గ్లూటెన్ అత్యల్పం. (ఇంటి హల్వాకు ఈ మాట వర్తించదు. అది వీరికి నిషిద్ధమే.) అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017 డిసెంబరులో ఈ విషయమై ఒక మార్గదర్శక ముసాయిదాను ప్రకటించింది. గోధుమ పిండిని గాని, గ్లూటెన్‌ను గాని కావాలని చేర్చిన నోటి మందు ఏదీ తమ దేశపు విపణిలో ఉన్నట్లు తమకు తెలియదని ఆ సంస్థ పేర్కొన్నది. గోధుమ స్టార్చి చేర్చిన బహు కొద్ది మందులలో సైతం ఒక్క మోతాదుకు గ్లూటెన్ అర మిల్లీగ్రాముకు మించదని అంచనా కట్టింది.

అర మిల్లీగ్రాము అనగా ఎంతో తూచి చూడాలంటే రోటలీతో పోల్చాలి. ఒక గ్రాము గోధుమ పిండిలో సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. పాతిక గ్రాముల పిండితో చేసిన ఒక రోటలీలో రెండు గ్రాములు, అనగా అట్టి మాత్రలు నాలుగు వేలు మింగినంత. ఇటలీలో జరిపి 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో సీలియాక్ రోగులు మూడు నెలలు రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ తీసుకొనగా ప్రేవు గోడ చెడినట్లు తేలింది. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే పెక్కుమందికి హాని జరగదని నిపుణుల సాధారణాభిప్రాయం. పది మిల్లీగ్రాములు అంటే చిటికెడు పిండి. అట్టి మాత్రలైతే ఇరవై. కంచంలోని దుమ్ముతో పోల్చితే మాత్రలోని గంజి చిన్న శత్రువే.

ఈ లెక్క తెలియక జరిగే అనర్థం పెద్దది. అనుమానంతో మందునే మానివేసేవారు ఉన్నారు. సీలియాక్ రోగులలో థైరాయిడ్ లోపం, పసితనంలో వచ్చే మధుమేహం తక్కినవారికంటె హెచ్చుగా కానవస్తాయి. మూర్ఛకు, థైరాయిడ్‌కు, క్షయకు వాడే మాత్రలను ‘ఇందులో గోధుమ ఉన్నదేమో’ అని ఒక వారం నిలిపివేస్తే కలిగే హాని, ఉన్నదో లేదో తెలియని అర మిల్లీగ్రాము వలన కలిగే హానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. మందు మింగుతూనే విచారించాలి. సందేహం నిజమైతే వైద్యుడు అదే మందును వేరొక తయారీదారు మాత్రగానో, ద్రవరూపంలోనో మార్చి ఇస్తాడు.

విచారించడానికి మార్గమేమిటి? తినుబండారాల విషయంలో మన చట్టం కొంత స్పష్టంగా ఉన్నది. గ్లూటెన్ గల ధాన్యం కలిసి ఉంటే పొట్లంపై ఆ మాట చెప్పాలి. ‘గ్లూటెన్ రహితం’ అని ముద్రించాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండరాదు. మందులకు వర్తించేది వేరే చట్టం. 1940 నాటి శాసనం, 1945 నాటి నియమాలు వాటికి ఆధారం. పట్టీపై అసలు మందు పేరు, దాని పరిమాణం, తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తేదీలు ఉంటాయి. తక్కిన పదార్థాలన్నీ సాధారణంగా ‘ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్.’ అన్న ఒక్క ముక్కలో అణగిపోతాయి. తగినంత చేర్చడమైనదని దాని అర్థం. వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అన్నట్లే! ఇందులో ఒక వింత ఉన్నది. విటమిన్ మాత్రనే ఆహారపూరకంగా అమ్మితే దానికి ఆహారచట్టం వర్తిస్తుంది కావున గోధుమ మాట చెప్పాలి. మందుగా అమ్మితే చెప్పనక్కరలేదు. ఒకే అలమరలో పక్కపక్కన నిలిచిన రెండు సీసాలకు రెండు ధర్మాలు.

మరొక వింత కూడా చెప్పుకోవాలి. అమెరికాకు ఎగుమతి అయ్యే మన మాత్రల వెంట వెళ్లే కాగితంలో స్టార్చితో సహా నిష్క్రియ పదార్థాల పేర్లన్నీ వరుసగా ఉంటాయి. యూరపులో గోధుమ స్టార్చి వాడితే ఆ సంగతిని లోపలి కాగితంలో రోగికి తెలుపాలి. హైదరాబాదులోనో, అంకలేశ్వరులోనో తయారైన మాత్రలో ఏముందో సముద్రాలకు ఆవల చదువుకొనగలరు. ఫ్యాక్టరీకి గంట ప్రయాణంలో ఉన్న సూరత్ తల్లి చదువుకొనలేదు. తయారీదారుకు తెలియని రహస్యమేమీ కాదది. అడిగేవారు తక్కువ కావడం చేత చెప్పే అలవాటు లేదు.

కావున అడగవలసినది దుకాణదారును కాదు. ఆయన చేతిలో ఉన్నది కూడా ఆ పట్టీయే. దానిపై ఉన్న తయారీదారు చిరునామాకు, మందుల సమాచారం చెప్పే విభాగానికి రాయాలి, లేదా ఫోను చేయాలి. ప్రశ్న అడిగే తీరులోనే సగం జవాబు ఉన్నది. ‘ఇది గ్లూటెన్ రహితమా?’ అంటే ‘మేము అట్టి పరీక్ష చేయలేదు’ అన్న జవాబు రావచ్చు. అది నిజమే కాని ఉపయోగం లేని నిజం. ‘ఈ మాత్రలో గోధుమ, బార్లీ, రై నుండి తీసిన పదార్థం ఏదైనా చేర్చినారా? స్టార్చి ఉంటే అది ఏ మొక్కది?’ అని అడిగితే, చెప్పగల మనిషి ఉంటాడు. జవాబును లిఖితంగా కోరాలి.

పదార్థాల జాబితా చేతికి అందితే భయపడవలసిన పేర్లు కొద్ది. మొక్క పేరు లేని ‘స్టార్చి’, ‘ప్రీజెలటినైజ్డ్ స్టార్చి’, ‘సోడియం స్టార్చి గ్లైకొలేట్’, ‘డెక్స్‌ట్రిన్’ — వీటిని గూర్చి ఒక ప్రశ్న వేయాలి. తరచు వచ్చే సమాధానం మొక్కజొన్న లేదా బంగాళాదుంప. ‘మాల్టు’ అన్నది మాత్రం బార్లీయే. సెల్యులోజు, లాక్టోజు, టాల్కు, మెగ్నీషియం స్టియరేటు, పోవిడోను వీటిలో గ్లూటెన్ లేదు. ‘ఫెర్రస్ గ్లూకోనేట్’, ‘కాల్షియం గ్లూకోనేట్’ అన్న పేర్లు చూసి ఉలిక్కిపడేవారు ఉన్నారు. ‘గ్లూ’ అన్న అక్షరం కలిసినంత మాత్రాన చుట్టరికం లేదు. అవి గ్లూకోజుకు చెందినవి. సూదిమందులు, కంటి చుక్కలు, పైపూతలు ప్రేవుకు చేరేవి కావు గనుక వాటి ప్రసక్తి ఇక్కడ లేదు.

మన ఇళ్లలో నిజమైన ప్రమాదం మాత్రల పట్టీ పక్కన, పథ్యం అనే పేరుతో కూర్చుని ఉంటుంది. జ్వరం వచ్చిన పిల్లవానికి తెలుగు ఇంట మొదట తెచ్చేది రొట్టె. చూడవచ్చిన బంధువులు తెచ్చేది మాల్టు పాలపొడి సీసా. హార్లిక్సు వంటి పానీయాలు గోధుమ పిండితో, మొలకెత్తించిన బార్లీతో తయారైనవి. బలం కోసం గ్లాసెడు పాలలో రెండు చెంచాలు కలిపి ఇస్తే, సీలియాక్ పిల్లకు అది బలహీనతను పోసినట్లే. మూత్రంలో మంట అంటే బార్లీ నీళ్లు. నీరసం అంటే మాల్టుతో చేసిన టానిక్కు. టానిక్కులన్నిటిలో మాల్టు ఉండదు, కొన్నింటిలో ఉంటుంది, అది సీసాపై తరచుగా కనబడుతుంది కూడా. విరేచనాలకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొడి గ్లూకోజు, లవణాల మిశ్రమమే గనుక దానికి ఆక్షేపణ లేదు.

ఇంగువ ఇంకొకటి. కడుపుబ్బరానికి మజ్జిగలో కలిపే చిటికెడు ఇంగువలో గోధుమ ఉంటుందని ఎవరూ అనుకోరు. బజారులో దొరికేది శుద్ధమైన ఇంగువ కాదు. దాని ఘాటు భరించలేనిది కావడంతో బంకతోను, తరచుగా గోధుమ పిండి లేదా మైదాతోను కలిపి అమ్ముతారు. డబ్బాపై చిన్న అక్షరాలలో ఆ మాట ఉంటుంది. హింగ్వాష్టక చూర్ణం వంటివి తయారు చేసేవారు ఏ ఇంగువ వాడినారో తెలుసుకొనక వాడరాదు. బియ్యపు పిండితో కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, వెతకాలి. గుజరాతీ పప్పులోను, తెలుగు చారులోను ఇంగువ లేనిదే పొద్దు గడవదు గనుక, ఏడాదికి ఒక పట్టీ మింగే జ్వరం మాత్రకంటె ఈ డబ్బాపై దృష్టి పెట్టడం లాభదాయకం.

పిండి గిర్నీ మాట చెప్పకుండా వదలడానికి లేదు. తెలంగాణ జొన్నరొట్టె, గుజరాతు బాజరా రోటలో ఈ రోగులకు అమృతం. చలికాలంలో సూరత్ వీధులలో అమ్మే పోంక్, అనగా మన ఊచబియ్యం వంటి లేత జొన్నలు, నిశ్చింతగా తినదగినవి. అయితే ఆ జొన్నలను గిర్నీలో గోధుమ ఆడించిన రాళ్ల మధ్యనే పోస్తే, రాతి సందులలో నిలిచిన పిండి గ్రాములకొద్దీ కలిసి వస్తుంది. ఒక గ్రాము కలిస్తే ఎనభై మిల్లీగ్రాములు. మాత్రల లెక్కలో నూట అరవై. ఇంటిలో చిన్న తిరగలి ఉన్నవారు అదృష్టవంతులు.

ఈ వ్యాధిలో మందులకు, ప్రేవుకు గల సంబంధం మరొకటి ఉన్నది. ఇనుమును పీల్చుకొనే చోటు చిన్నప్రేవు మొదటి భాగం. వ్యాధి మొదట దెబ్బతీసేది కూడా ఆ చోటనే. కావుననే ఏళ్ల తరబడి ఇనుము మాత్రలు మింగినా రక్తం పట్టని స్త్రీలు కనిపిస్తారు. వారు మాత్రలు సరిగా వేసుకొనడం లేదని మందలించడం ఆనవాయితీ. అట్టివారికి ఒక్కసారి సీలియాక్ రక్తపరీక్ష చేయించడం మేలు. థైరాయిడ్ మాత్రల మోతాదు పెంచుతూ పోయినా గుణం కనిపించనప్పుడు కూడా ఈ అనుమానం రావాలి. పథ్యం మొదలై ప్రేవు కోలుకొన్న తరువాత అదే మోతాదు ఎక్కువ కావచ్చు గనుక మళ్లీ పరీక్షించి తగ్గించవలసి ఉంటుంది. పరీక్షకు ముందే గోధుమ మానివేయరాదన్నది కూడా తెలిసి ఉండాలి. మానిన తరువాత రక్తంలో ఆనవాళ్లు తగ్గిపోయి, ఉన్న వ్యాధి లేనట్లు తేలవచ్చు.

ఇంత శ్రమపడి ఒక మాత్రను గూర్చి తెలుసుకొన్న తల్లికి నెల తరువాత మరొక చిక్కు ఎదురవుతుంది. అదే దుకాణదారు వేరొక పట్టీ చేతికిచ్చి, ‘కంపనీ జుదీ ఛే, దవా ఎ జ ఛే’ అంటాడు. కంపెనీ వేరు, మందు అదే. ఆయన మాటలో అబద్ధం లేదు. అసలు మందు అదే, గంజి వేరు కావచ్చు. ఒకే పేరుతో అమ్మే మాత్రను సైతం ఈ ఏడు ఒకరు, వచ్చే ఏడు మరొకరు తయారు చేసి ఇవ్వవచ్చు. పట్టీపై ‘తయారీ’ అన్న చోట ఒక పేరు, ‘విక్రయం’ అన్న చోట ఒక పేరు ఉండడం సర్వసాధారణం. చూడవలసినది మొదటి పేరు.

అందుకే ఆ తల్లి ఒక నోటు పుస్తకం పెట్టుకొన్నదనుకొందాం. మందు పేరు, తయారీదారు, వచ్చిన జవాబు, తేదీ. ప్రతి డాక్టరు దగ్గరకు, ప్రతి ఆసుపత్రికి ఆ పుస్తకం వెంట తీసుకొనిపోతుంది. మొదటి పుటలో పెద్ద అక్షరాలతో అమ్మాయి వ్యాధి పేరు గుజరాతీలోను, తెలుగులోను ఉన్నది. దుకాణంలో పది మాత్రలకు డబ్బు చాలక నాలుగే కొనవలసి వచ్చినప్పుడు, కత్తెర ఎత్తిన దుకాణదారును ఆపి, తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య ఉన్న కొస తనకు వచ్చేటట్లు కత్తిరించమని అడుగుతుంది. వీలుకాకపోతే ఆ రెండూ బిల్లుపై రాయించుకొని, చీటీని పుస్తకంలో అంటిస్తుంది.